విదురుడి లెక్కలో నా వాటా



పోయిన నెల మన ఛానల్‌లో సభాపర్వం గురించి చెప్పుకున్నాం కదండీ. నిండు సభలో ద్రౌపదీదేవి అడిగిన ప్రశ్నకు పెద్దలెవ్వరూ జవాబు చెప్పకపోవడం, విదురుడు లేచి వాళ్లను హెచ్చరించడం, అదంతా నలభై నిమిషాల వీడియోగా పెట్టాను. చూసినవాళ్లు చాలామంది "అమ్మా, కళ్లు చెమర్చాయి" అని రాశారు. మీ అభిమానానికి సంతోషమే. కానీ ఆ వీడియో రికార్డు చేస్తున్నప్పుడు పక్కన బల్ల మీద పెట్టిన నా ఫోన్‌లో ఒక సంగతి ఉంది. అప్పటికి మూడు రోజులుగా ఉంది. దాన్ని చూసి కూడా ఊరుకున్న మనిషిని నేను. కెమెరా ముందు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఇందులోని అబ్బాయికి, వాళ్ల అమ్మగారికి చదివి వినిపించి, వాళ్లు సరేనన్నాకే పెడుతున్నాను. పేర్లు రాయను. ఇంటి గుర్తులు, వయసులు కొద్దిగా మార్చాను.

మీలో చాలామందికి తెలుసు, మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఆదివారం పొద్దున్న ఏడున్నరకి పిల్లలకి గీత నేర్పిస్తాను. ఇరవై నాలుగు మంది. క్లాసు టైము, ఆ వారం చదవాల్సిన శ్లోకాలు పంపడానికి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాను. నేనే అడ్మిన్‌ని. పెద్దపిల్లలకి సొంత ఫోన్లున్నాయి, చిన్నపిల్లలు అమ్మల ఫోన్ల నుంచి చూస్తారు.

వాళ్లలో ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి ఒకడు. వాడికి నత్తి. మాట్లాడేటప్పుడు మొదటి అక్షరం దగ్గర ఆగిపోతాడు, కళ్లు గట్టిగా మూసుకుని దాన్ని తోసుకుంటూ బయటికి తెస్తాడు. కానీ అందరితో కలిసి శ్లోకం చదివేటప్పుడు ఒక్క తడబాటు ఉండదు. నత్తి ఉన్నవాళ్లలో చాలామందికి ఇలాగే ఉంటుందట. పాట పాడినా, నలుగురితో గొంతు కలిపినా మాట సాఫీగా వస్తుంది, ఒంటరిగా నిలబడితే ఆగుతుంది. ఇది నాకు తర్వాత తెలిసింది. ముందే తెలుసుకుని ఉంటే బాగుండేది. ఎందుకంటే వాడి గొంతు బాగుందని మురిసిపోయి, నలుగురి ముందూ చదివిస్తే భయం పోతుందని, ఆ ఆదివారం వాడిని లేపి నిలబెట్టింది నేనే.

పన్నెండో అధ్యాయం మొదటి శ్లోకం. రెండో మాట దగ్గర ఆగిపోయాడు. నోరు తెరుచుకుని ఉంది, కళ్లు మూసుకుని ఉన్నాయి, మాట రావడం లేదు. "పర్వాలేదు నాన్నా, నెమ్మదిగా" అన్నాను. కాసేపటికి కూర్చోబెట్టాను. క్లాసులో ఎవ్వరూ నవ్వలేదు. నేను గమనించని సంగతి ఏమిటంటే, వెనక వరసలో ఒక ఫోన్ రికార్డు చేస్తోంది. తాతయ్యలకి, అమ్మమ్మలకి పంపించుకోండి అని రికార్డు చేసుకోమన్నదీ నేనే.

రాత్రి తొమ్మిదిన్నర దాటాక గ్రూపులో ఒక స్టిక్కర్ వచ్చింది. ఆ తెరుచుకున్న నోరు, మూసుకున్న కళ్లు, దాని మీద తిరుగుతున్న గుండ్రటి గీత, కింద "బఫరింగ్" అని అక్షరాలు. దాని కింద నవ్వుతూ కన్నీళ్లు కార్చే బొమ్మలు వరసగా. తర్వాత లెక్కపెట్టాను, పదకొండు మంది పెట్టారు. ఒకడు "రేపు లెక్కల హోంవర్క్ ఉందా" అని అడిగితే ఇంకొకడు జవాబుగా అదే స్టిక్కర్ పెట్టాడు. అయిదో తరగతి చదివే పాప ఒకతె వాళ్లమ్మ ఫోన్ నుంచి "అలా పెట్టకండి, అన్నయ్య బాధపడతాడు" అని టైపు చేసింది. "చిన్నపిల్లవి, వెళ్లి పడుకో" అని జవాబు వచ్చింది.

పది గంటలకి నేను చూశాను.

ఏమనుకున్నానో దాచకుండా చెబుతాను. పిల్లలు కదా, రేపటికి మర్చిపోతారు అనుకున్నాను. ఇప్పుడు నేనేమైనా అంటే అది ఇంకా పెద్దదవుతుంది అనుకున్నాను. ఆ స్టిక్కర్ చేసిన పిల్లవాడెవరో నాకు తెలుసు. క్లాసులో అందరికన్నా ముందు కంఠతా పట్టేవాడు, గీతాజయంతి వీడియోలో మీరంతా మెచ్చుకున్నవాడు. వాడిని అనడానికి మనసొప్పలేదు. ఇంకొకటి కూడా ఉంది, ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆ బొమ్మ చూడగానే ఒక్క క్షణం నా పెదవి కూడా కదిలింది.

ఫోన్ బోర్లా పెట్టి పడుకున్నాను. బుధవారం విదురుడి గురించి మాట్లాడాను.

గురువారం సాయంత్రం ఆ అబ్బాయి వాళ్లమ్మ ఫోన్ చేసింది. కోపంగా మాట్లాడలేదు. "మీ వీడియో చూశానండీ. విదురుడి గురించి బాగా చెప్పారు. మా వాడు సోమవారం నుంచి స్కూలుకి వెళ్లట్లేదండీ. కడుపునొప్పి అంటున్నాడు. నిన్న రాత్రి వాళ్ల నాన్న గట్టిగా అడిగితే అప్పుడు ఫోన్ చూపించాడు. గ్రూపులో మీరు కూడా ఉన్నారు కదా, మీరు చూడలేదేమో అనుకున్నాను" అంది.

చూడలేదని చెప్పొచ్చు. ఆవిడే నాకు ఆ దారి చూపించింది, పాపం. "చూశానమ్మా" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు.

ఆ రాత్రి సభాపర్వం మళ్లీ తీశాను. నన్నయగారు రాజరాజనరేంద్రుడి కోసం ఈ పర్వాన్ని తెలుగు చేసింది మా రాజమహేంద్రవరంలోనే, ఆ గర్వం మా ఊరివాళ్లకి కొంచెం ఎక్కువే. వీడియోలో నేను విదురుడు సభను హెచ్చరించాడని చెప్పి, ఆయన చెప్పిన కథను రెండు ముక్కల్లో దాటేశాను. ఆ కథే అసలు విషయం.

ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడు. అంగిరస మహర్షి కొడుకు సుధన్వుడు. కేశిని అనే కన్య విషయంలో నేను గొప్పంటే నేను గొప్పని ఇద్దరికీ వాదన వచ్చింది. ప్రాణాలు పందెం వేసుకుని, తీర్పు చెప్పమని ప్రహ్లాదుడి దగ్గరికే వెళ్లారు. మనకి ప్రహ్లాదుడంటే ఎప్పుడూ చిన్నపిల్లవాడే, ఏనుగులు తొక్కించినా హరినామం మానని బాలుడు. ఇక్కడ ఆయన తండ్రి. ఎదురుగా కొడుకు ప్రాణం. నోరు పెగల్లేదు. అప్పుడు కశ్యప మహర్షిని అడిగాడు: తెలిసి కూడా జవాబు చెప్పనివాడి గతి ఏమిటి అని.

కశ్యపుడు చెప్పిన లెక్క ఇది. ఒక సభలో అధర్మం జరుగుతుంటే, నిందించాల్సిన దాన్ని నిందించకుండా సభ ఊరుకుంటే, ఆ పాపంలో నాలుగో వంతు చేసినవాడికి. నాలుగో వంతు చూస్తూ ఊరుకున్న సభ్యులకి. మిగిలిన సగం ఆ సభకి పెద్దగా కూర్చున్నవాడికి.

సగం అండీ. చేసినవాడికి రెట్టింపు.

ఇన్నేళ్లుగా ఈ మాట చదువుతున్నాను, అది ధృతరాష్ట్రుడి గురించే అనుకున్నాను. గ్రూపు తెరిచి చూస్తే నా పేరు పక్కన ఆకుపచ్చ అక్షరాల్లో "అడ్మిన్" అని ఉంది. ధృతరాష్ట్రుడికైనా కళ్లు లేవు.

మా అన్నయ్య కొడుకు హైదరాబాద్‌లో లాయరు. వాడికి ఫోన్ చేసి చెప్పుకున్నాను. "అత్తా, నువ్వేం భయపడకు, గ్రూపులో ఎవరో పెట్టినదానికి అడ్మిన్ బాధ్యుడు కాడని కోర్టులే చెప్పాయి" అన్నాడు. నిజమే, బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో ఆ మాట చెప్పాయట. అడ్మిన్ అంటే మనుషుల్ని చేర్చే, తీసేసే అధికారం ఉన్నవాడే తప్ప, ఇతరులు రాసేదానికి పూచీదారు కాడని. విన్నాక ఒక్క నిమిషం గుండె తేలికపడింది. తర్వాత ఆ తేలికకే సిగ్గేసింది. నన్ను జైల్లో పెట్టరన్నది ఒక ప్రశ్నకి జవాబు. ఆ తల్లి అడిగింది ఆ ప్రశ్న కాదు.

మీలో కొందరికి ఒక అనుమానం వస్తుంది, నాకూ వచ్చింది. పన్నెండేళ్ల పిల్లవాడు వేలితో ఒక నవ్వు బొమ్మ నొక్కితే వాడిని కురుసభలో కూర్చోబెడతామా? భీష్మద్రోణుల పక్కన? చాలా బరువైన మాట కదా అది? అవును, బరువే. పిల్లల్ని దుశ్శాసనుడు, శకుని అని పేర్లు పెట్టి పిలవడం నాకు ఇష్టం లేదు, అలా పిలిస్తే అదీ ఒక స్టిక్కరే అవుతుంది. కానీ కశ్యపుడి లెక్కలో రెండో సగం కూడా ఉంది, దాన్ని మనం చెప్పుకోవడం మర్చిపోతాం. సభ నోరు తెరిచి ఇది తప్పు అని అంటే, ఆ క్షణమే పెద్దకీ సభ్యులకీ ఆ వాటా పోతుంది. చేసినవాడిది చేసినవాడి దగ్గరే ఉంటుంది. అంటే ఇది మూటకట్టి నెత్తిన పెట్టే పాపం కాదు. ఒక్క మాటతో దించుకోగలిగిన బరువు. అయిదో తరగతి పాప ఒక్క వాక్యంతో దించుకుంది. పదకొండు మంది, వాళ్లతోపాటు అరవై ఏళ్ల నేను, దించుకోలేదు.

ఆ పాపకి వచ్చిన జవాబు కూడా సభాపర్వంలో ఉంది. కౌరవుల్లో ఒకడైన వికర్ణుడు లేచి ద్రౌపది గెలుచుకోబడలేదు అని వాదిస్తే, కర్ణుడు ఆయన్ని కొట్టిపారేసింది ఈ కారణంతోనే. నువ్వు చిన్నవాడివి, పెద్దల్లా మాట్లాడుతున్నావని. ఇన్ని వేల ఏళ్లలో మనకి ఇంకో జవాబు దొరకలేదు.

అయితే కురుసభకీ మన ఫోన్‌కీ ఒక తేడా ఉంది. దాన్ని నేను ఆ అబ్బాయి దగ్గర నేర్చుకున్నాను. సభ అంటే గోడలుంటాయి, తలుపుంటుంది. ఎవరు నవ్వారో, ఎవరు తల దించుకున్నారో కనిపిస్తుంది. శుక్రవారం వాళ్లింటికి వెళ్లి కూర్చుంటే, వాడు చాలాసేపటికి నోరు విప్పి ఒక మాట అన్నాడు. లిఫ్ట్‌లో ఎవరు ఎక్కినా వాళ్ల మొహంలోకి చూస్తున్నాడట, ఈయన చూశాడా, ఈవిడ చూసిందా అని. వాచ్‌మన్ నవ్వుతూ పలకరిస్తే అది ఎందుకు నవ్వాడో తెలియడం లేదట. మా చిన్నప్పుడు బడిలో ఎవరైనా వెక్కిరిస్తే ఇంటికొచ్చి తలుపేసుకుంటే అయిపోయేది. వీడికి ఇంటికొచ్చి తలుపేసుకుంటే, తలుపు లోపలే ఉంది అది, దిండు పక్కన, ఛార్జింగ్ పెట్టుకుని.

చేసినవాడికి ఇంకో తేడా. వాడిని పిలిచి అడిగితే, "నాకు వాడి ఫేస్ కనిపించలేదు కదా టీచర్, అందరూ నవ్వారు, బాగుందనుకుని ఇంకోటి చేశా" అన్నాడు. అబద్ధం చెప్పలేదు వాడు. ఎదురుగా నిలబడి ఉంటే ఆ మొహం చూసి ఆగిపోయేవాడేమో. క్లాసులో నిజంగానే ఎవరూ నవ్వలేదు కదా, గుర్తుందా? అదే పిల్లలు. పద్నాలుగు గంటల తర్వాత అదే మొహం బొమ్మ అయ్యాక నవ్వారు.

ఆ "ఇంకోటి" సంగతి నాకు అప్పుడే తెలిసింది. వీడియో ముక్కకి ఒక సినిమా కామెడీ సౌండ్ తగిలించి, ఇన్‌స్టాగ్రామ్‌లో వేరే పేరుతో ఉన్న ఒక ఫేక్ ఐడీలో రీల్‌గా పెట్టారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరవాలంటే పదమూడేళ్లు నిండాలి, అక్కడ పుట్టిన సంవత్సరం అడుగుతారు, మన పిల్లలు దర్జాగా ఏదో ఒకటి వేస్తారు. సగం ఇళ్లలో పక్కన కూర్చుని వేయించేది మనమే.

నేను వెంటనే అన్నీ డిలీట్ చేద్దామనుకున్నాను. మా లాయరు కుర్రాడే ఆపాడు. ముందు తేదీ, టైము, పంపినవాళ్ల పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తియ్యి, ఆ ఐడీ లింకు రాసిపెట్టు, ఆ తర్వాత రిపోర్ట్ కొట్టు అన్నాడు. అలాగే చేశాం. రీల్ పోయింది. గ్రూపులో ఉన్నదాన్ని అడ్మిన్‌గా నేనే అందరికీ కనిపించకుండా తీసేశాను. 2022 నుంచి అడ్మిన్లకి ఆ వీలుంది, నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆదివారం రాత్రి తీసేసేదాన్నా? ఏమో. తెలియకపోవడం వల్ల కాదు కదా నేను ఊరుకుంది.

స్టిక్కర్ మాత్రం అంత సులువుగా పోలేదు. ఎవరి ఫోన్లో వాళ్లు దాచుకున్న స్టిక్కర్‌ని అడ్మిన్ తీయలేరు. ఇరవై నాలుగు ఇళ్లకీ వెళ్లాను. మోకాళ్ల నొప్పి సంగతి మీకు తెలుసు. ఒక్కొక్కరి ముందు కూర్చుని, నేను చూసి కూడా ఊరుకున్నాను, నాది పెద్ద తప్పు, దీన్ని నీ ఫోన్లోంచి తీసెయ్యమ్మా, నాన్నా అని అడిగాను. చాలామంది నా ఎదురుగానే తీసేశారు. ముగ్గురు ఎప్పుడో తీసేశామన్నారు. నమ్మానో లేదో నాకే తెలియదు.

ఆ ఇళ్లలో విన్న మాటలు కొన్ని రాయాలి. "ఈ కాలం పిల్లలు మరీ సున్నితం అండీ, మా చిన్నప్పుడు ఎన్ని అనిపించుకున్నాం" అన్నారొకరు. "పట్టించుకోవద్దని చెప్పండి వాడికి" అన్నారు ఇంకొకరు. పట్టించుకోకు అని నేనూ ఎన్నోసార్లు ఎంతోమందికి చెప్పాను. ఇకమీదట చెప్పను. ఆ మాటకి పిల్లవాడి చెవిలో పడే అర్థం వేరు. నువ్వు భరించు, మేం వాళ్లని ఏమీ అనం అని.

ఆ అబ్బాయి వాళ్ల నాన్న మంచి మనిషి. కానీ కోపంలో మొదట చేసిన పని, కొడుకు ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేయడం. రక్షించడానికే చేశాడు. వాడికి ఎలా తోచిందో చూడండి. తప్పు చేసినవాడి ఫోన్ వాడి చేతిలో ఉంది, దెబ్బ తిన్నవాడిది బీరువాలో ఉంది. ఇంట్లో చెప్పుకున్నందుకు శిక్ష పడింది. రేపు ఇంతకన్నా పెద్దది ఏదైనా వస్తే చెబుతాడా? "తమ్ముడూ, ఫోన్ ఇచ్చెయ్, పక్కన కూర్చుని వాడితోపాటే బ్లాకులూ అవీ చూడు, నీకు చెబితే ఏమీ పోదని వాడికి తెలియాలి" అని బతిమాలాను. రెండు రోజులకి ఇచ్చాడు.

ఇక స్టిక్కర్ చేసిన పిల్లవాడి ఇల్లు. వాళ్ల నాన్నగారు మొదట అన్నమాట "మా వాడు అలాంటివాడు కాదండీ, ఎవరో పక్కనుండి చేయించి ఉంటారు." సాక్ష్యం చూపిస్తే ఆ తర్వాత చెయ్యెత్తాడు, అడ్డంపడి ఆపాను. ఈ రెండింటి మధ్య ఏదీ లేదా అనిపించింది. కొడుకు తప్పు చేశాడని ఒప్పుకోవడానికీ, వాడిని చావబాదడానికీ మధ్య. అప్పుడు ప్రహ్లాదుడి కథ చెప్పాను ఆయనకి. కొడుకు ముందే, కొడుక్కి వ్యతిరేకంగానే తీర్పు చెప్పాడు ప్రహ్లాదుడు: సుధన్వుడే నీకన్నా గొప్పవాడు, నీ ప్రాణం ఇప్పుడు అతని చేతిలో ఉంది అని. కొడుకు మీద ప్రేమకి లొంగకుండా నిజం చెప్పినందుకు సంతోషించి సుధన్వుడు విరోచనుడి ప్రాణం విడిచిపెట్టాడు. ఆయన విన్నాడు, ఏమీ అనలేదు. కాఫీ చల్లారిపోయింది. నేను లేచి వచ్చేటప్పుడు మాత్రం గుమ్మం దాకా వచ్చి, "వాళ్లింటికి నేను కూడా వస్తానండీ" అన్నాడు.

పోయిన సంవత్సరం ఆ పిల్లవాడిని స్కూలు గ్రూపులో "బొండాం" అని ఏడిపించేవారట. అది కూడా అప్పుడే బయటపడింది. అయ్యో అనిపించింది. అయితే అది కారణం అవుతుందేమో గానీ సాకు అవ్వదు. ఏడిపించబడిన పిల్లలందరూ స్టిక్కర్లు చేయరు. మయసభలో జారి నీళ్లలో పడ్డ దుర్యోధనుణ్ణి చూసి భీముడూ, పక్కవాళ్లూ నవ్వారని భారతమే చెబుతుంది. ఆ నవ్వు తప్పే, ఆ తప్పుతో ద్రౌపదికి జరిగింది సరైపోదు.

నేను చేయబోయిన ఇంకో పొరపాటు ఉంది. ఆదివారం క్లాసులో అందరి ముందూ ఆ పిల్లవాడిచేత సారీ చెప్పిద్దామని నిర్ణయించేశాను. నా మనసులో సన్నివేశం కూడా సిద్ధమైపోయింది, ఇద్దరూ కౌగిలించుకోవడం, అందరూ చప్పట్లు. అదృష్టం బాగుండి ముందురోజు ఆ అబ్బాయిని అడిగాను. గట్టిగా తల అడ్డంగా ఊపాడు. "వ... వద్దు టీచర్. అందరూ మళ్లీ నావైపే చూస్తారు."

క్షమాపణ ఎవరి కోసం అన్నది మనం ఆలోచించం. పెద్దలం మధ్యవర్తులుగా కూర్చుంటే మనకి కావాల్సింది ఆ గొడవ ముగిసిపోవడం. దెబ్బ తిన్న పిల్లని "పెద్దమనసు చేసుకుని క్షమించెయ్ అమ్మా" అంటాం, చేతులు కలిపిస్తాం, బిస్కెట్లు పంచుతాం. అపశకునాలు వినిపించి భయం పట్టుకున్నాక ధృతరాష్ట్రుడు ద్రౌపదికి వరాలిచ్చాడు చూడండి, అలా. అప్పటిదాకా వినబడని ఆర్తనాదం నక్కల ఊళతో వినిపించింది ఆయనకి. నాకు ఆ తల్లి ఫోన్‌తో వినిపించింది, నేనూ అంతే. ఆవిడ ఫోన్ చేయకపోతే నేను ఇప్పటికీ బోర్లా పెట్టిన ఫోన్‌తోనే ఉండేదాన్ని.

ఆ పిల్లవాడు ఒక ఉత్తరం రాశాడు. నేను దిద్దలేదు. వాళ్ల నాన్నతో కలిసి వెళ్లి ఇచ్చాడు. ఈ అబ్బాయి తీసుకున్నాడు. చదివాడో లేదో ఎవరూ అడగలేదు, అడగొద్దని నేనే చెప్పాను.

ఇది చదువుతున్న తల్లిదండ్రులకి నాకు తెలిసిన నాలుగు సంగతులు చెబుతాను. మాది స్టిక్కర్‌తో ఆగింది, అన్నీ ఆగవు. పిల్లల ఫోటోలని అసభ్యంగా మార్చి పంపడం, వాటితో బెదిరించడం జరుగుతోంది. అలాంటిది మీ కంట పడితే "చూడండి ఎంత ఘోరమో" అని ఇంకెవరికీ పంపకండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల అలాంటి బొమ్మల్ని పంపడమే ఐటీ చట్టం 67బి కింద నేరం, పోక్సో కూడా వర్తిస్తుంది. నేరుగా పోలీసులకే వెళ్లండి. సైబర్ నేరాలకి 1930 నంబరు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ ఉన్నాయి. పిల్లల కోసం 1098, పిల్లలు తామే చేయొచ్చు. నిద్ర పట్టకపోయినా, తినకపోయినా, "నేను లేకపోతే బాగుంటుంది" లాంటి మాట ఎప్పుడైనా అన్నా, తేలిగ్గా తీసుకోకండి. సూటిగా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా అని. అడిగితే లేని ఆలోచన వస్తుందని భయపడకండి, అలా రాదు. టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ అబ్బాయి వాళ్లమ్మ ఒక రాత్రి చేసింది.

గ్రూపుని మూసేయమన్నారు కొందరు. మూయలేదు. మూసేస్తే నేను లేని ఇంకో గ్రూపు పుడుతుంది, అంతే. అందులో మొదటి మెసేజ్‌గా నా తప్పు రాశాను. ఆదివారం రాత్రి పది గంటలకి నేను ఇది చూశాను, ఊరుకున్నాను, అడ్మిన్‌గా అది నా తప్పు, ఒక్క పాప మాత్రం సరైన మాట చెప్పింది అని. ఆ పాపకి నా తర్వాత రెండో అడ్మిన్‌గా పదవి ఇచ్చాను. వాళ్లమ్మ నవ్వింది. పాప మాత్రం చాలా సీరియస్‌గా తీసుకుంది, మొన్న ఎవరో రాత్రి పదిన్నరకి ఏదో జోకు పెడితే "టైమ్ అయింది, పడుకోండి" అని రాసింది.

గీత పదిహేడో అధ్యాయంలో వాక్కుతో చేసే తపస్సు గురించి ఉంటుంది. ఎదుటివాడిని కలవరపెట్టని మాట, నిజమైన మాట, ప్రియమైనదీ మేలు చేసేదీ అయిన మాట. నేను దాన్ని నోటికే అన్వయించి చెప్పేదాన్ని. వేలికి కూడా వర్తిస్తుందని తట్టలేదు. ఇంకా తట్టని సంగతి, మౌనం గురించి. మనస్సుతో చేసే తపస్సులో మౌనం ఉంది. నా మౌనాన్ని నేను ఆ లెక్కలో వేసుకుని ఉంటానేమో ఆ రాత్రి, పెద్దరికం అనుకుని. ఏ మౌనం తపస్సు, ఏ మౌనం పిరికితనం అన్నది ఎలా తెలుస్తుంది? నాకు దొరికిన గుర్తు ఒక్కటే. నేను మాట్లాడకపోవడం వల్ల నొప్పి ఎవరికి? నాకైతే అది తపస్సు కావచ్చు. పక్కవాడికైతే కాదు.

మూడు ఆదివారాలు ఆ అబ్బాయి రాలేదు. స్కూలుకి మాత్రం రెండో వారం నుంచి వెళ్తున్నాడు, మాటకి సంబంధించిన స్పీచ్ థెరపీ కూడా మొదలుపెట్టారు. నేను రమ్మని అడగలేదు. శనివారాలు గ్రూపులో "రేపు ఏడున్నరకి" అని అందరికీ పెట్టినట్టే పెట్టాను.

నిన్నటి ఆదివారం ఏడు నలభైకి వచ్చాడు. తలుపు పక్కన, చివరి వరసలో కూర్చున్నాడు. పుస్తకం తెచ్చుకోలేదు, పక్కన కూర్చున్న పాప తన పుస్తకం మధ్యలోకి జరిపింది. ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో ఉన్నాయి, అది కొత్త నియమం, నా ఫోన్‌తో సహా. పన్నెండో అధ్యాయం ఇరవై శ్లోకాలూ అందరం కలిసి చదివాం. వాడి గొంతు నాకు విడిగా వినిపించింది. ఎవరినీ ఒంటరిగా లేపలేదు. స్టిక్కర్ చేసిన పిల్లవాడు ముందు వరసలో కూర్చుని ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

అయిపోయాక చెప్పులు వేసుకుంటూ నా దగ్గర ఆగాడు. మొదటి అక్షరం రావడానికి కాసేపు పట్టింది. నేను ఆ మాట అందివ్వకుండా ఆగాను.

"వ... వచ్చే వారం ఏ అధ్యాయం టీచర్?"

"పదిహేను, నాన్నా" అన్నాను.